వణికేది నేను కాదు

గడియారాలత్త కంటికున్న భూతద్దాన్ని తీసుకున్న రోజున మేనల్లుడు గొంతు పెంచలేదు. ఆమెకు ఒళ్ళు మండింది అందుకే. అరిస్తే తిరిగి అరవవచ్చు. వాడేమో నిద్రపోతున్న పసిపిల్ల చేతిలోంచి గిలక్కాయ తీసినట్టు మెల్లగా తీశాడు.

"అత్తా, ఇకమీదట నువ్వు కౌంటర్లో కూర్చో. బ్యాటరీలు, పట్టీలు నువ్వు చూడు. లోపలి పని నేను చూసుకుంటాను."

"ఎందుకట?"

వాడు వెనక మూత తీసి ఉన్న చేతి గడియారం ఒకటి ఆమె ముందు పెట్టాడు. లోపల వెంట్రుకంత సన్నటి స్ప్రింగు ఒక పక్కకు ఒంగిపోయి ఉంది. అంతకు ముందురోజు దాన్ని విప్పింది అత్తే.

"చెయ్యి వణికింది అత్తా. ఈ వయసులో ఎవరికైనా వణుకుతుంది. అందులో తప్పేముంది?"

"వణకలేదు. ఆ స్ప్రింగు నా దగ్గరికొచ్చేసరికే ఒంగి ఉంది."

"సరే. ఒంగే ఉందిలే."

ఆ 'లే' ఉంది చూశారూ, అది ఆమె గుండెల్లో ముల్లులా దిగింది. చేతులు రెండూ చీర కుచ్చిళ్ళ మీద పెట్టుకుని కౌంటర్ దగ్గరికి వెళ్ళి కూర్చుంది. ఆ రోజంతా వచ్చినవాళ్ళకు పట్టీలు మార్చింది గానీ మేనల్లుడి వైపు తలెత్తి చూడలేదు.

ఆ కొట్టు ఆమె తండ్రిది. చేతులు చాపితే రెండు గోడలూ తగిలేంత గది. గోడల నిండా గడియారాలు. తండ్రి మొదట కొడుకును పనిలో కూర్చోబెట్టాడు. కొడుకు స్క్రూలు పారబోస్తే కూతురు నేల మీద పాకి వాటిని ఒక్కొక్కటే ఏరి సీసాలో వేసింది. అది చూసి ఆయన ఇద్దరి చోట్లూ మార్చేశాడు. కొత్తలో జనం గొణిగారు. ఆడపిల్ల చేతికి గడియారం ఇవ్వడమేమిటని ఒకాయన నిలదీస్తే, "చేతి గడియారమేగా, చేతికివ్వడానికి ఏం భయం?" అందా పిల్ల. ఆయన నవ్వి ఇచ్చిపోయాడు. అప్పటినుంచి ఆ వీధిలో ఏ గడియారం ఆగినా ఆమె దగ్గరికే వచ్చేది. పెళ్ళి ఊసెత్తినవాళ్ళకు, "అందరి టైమూ నేనే చూస్తున్నాను, నాకే దొరకడం లేదు" అని చెప్పి పంపించేది. అన్న పోయాక అతని కొడుకును పెంచి, పని నేర్పి, పక్కనే బల్ల వేసి కూర్చోబెట్టింది. ఇప్పుడు ఆ పిల్లవాడే ఆమెను బల్ల దగ్గరనుంచి లేపాడు.

కొట్టు కాక ఆమెకు ఇంకొక లోకం ఉండేది. అది మేడ మీద. మూతపడిన ఒక బడి సామాన్లు వదిలించుకుంటుంటే ఆమె ఒక టెలిస్కోపు తెచ్చుకుంది. దానితో ఆమె చూసేది సూర్యుణ్ణి. భూమి తిరుగుతుంది కాబట్టి సూర్యుడు టెలిస్కోపు చూపులోంచి జారిపోతూనే ఉంటాడు. జారకుండా ఉండాలంటే టెలిస్కోపు కూడా అదే వేగంతో ఆయన వెనకాలే తిరగాలి. అలా తిప్పే పీఠాన్ని అత్త తానే చేసుకుంది. పాత గోడ గడియారాల ఇత్తడి చక్రాలు, ఒక చిన్న మోటారు, ఆకురాయితో తానే పళ్ళు దిద్దుకున్న ఒక పెద్ద చక్రం. కంటితో చూస్తే కన్ను పోతుంది గనక చూసే చోట ఒక తెల్ల అట్ట బిగించింది. దాని మీద సూర్యబింబం అరచేయంత వెడల్పున పడేది. అట్ట మీద గీసిన వృత్తంలో బింబం గువ్వలా కూర్చుంటే, అత్త పెన్సిలు తీసి సూర్యుడి మీద మచ్చలు ఎక్కడెక్కడున్నాయో గీసుకునేది. ఆ కాగితాలను సూర్యుడి మచ్చల లెక్క రాసే పరిశోధనశాలకు పంపించేది. కొట్టు తెరవడానికి ముందు రోజూ ఇదే పని. మబ్బు పట్టిన రోజున ఆమెతో మాట్లాడటానికి ఇంట్లో ఎవరికీ ధైర్యం చాలేది కాదు.

భూతద్దం పోయిన ఆ రోజుల్లోనే అట్ట మీద సూర్యుడికీ ఏదో అయింది. బింబం అంచు సన్నగా వణకడం మొదలుపెట్టింది. కాసేపటికి వృత్తంలోంచి పక్కకు జరిగిపోయేది. ఒక మచ్చ గీస్తే అది రెండుగా పడేది. గీసిన కాగితం మేనల్లుడి కంటబడింది.

"చూశావా అత్తా, ఇక్కడా అదే."

"ఇది నా చెయ్యి కాదు. నేల అదురుతోంది. ఆ అదురుకి చక్రం పళ్ళు పట్టు తప్పుతున్నాయి."

మేనల్లుడు నవ్వు ఆపుకున్నాడు. "ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఉంది."

అత్త లేచి నిలబడింది. "ఒరేయ్, నీకు నడక నేర్పింది నేను. ఏది నేల తప్పో, ఏది కాలి తప్పో నాకు తెలుసు. వణికేది నేను కాదు. చూపిస్తాను."

మరునాడు ఆమె టెలిస్కోపును సూర్యుడి మీద నిలిపి, చేతులు వెనక్కి కట్టుకుని దూరంగా నిలబడింది. ఎవరూ ముట్టుకోకుండానే బింబం వణికింది. ఆమె సంతోషం పట్టలేక మెట్లమీదినుంచే మేనల్లుణ్ణి కేకేసింది. వాడు గడ్డం సగం గీసుకుని సబ్బు నురగతోనే పైకొచ్చాడు. ఆ సరికి అట్ట మీద సూర్యుడు పటంలో బొమ్మలా కదలక మెదలక కూర్చున్నాడు. ఇద్దరూ చాలాసేపు చూశారు. నురగ ఆరిపోయింది గానీ బింబం కదల్లేదు. మేనల్లుడు ఆమె భుజం మీద చెయ్యి వేసి ఒకసారి తట్టి దిగిపోయాడు. ఆ తట్టడం కంటే చెంపదెబ్బ నయమనిపించింది ఆమెకు.

అత్త ఓడిపోయి ఊరుకునే రకం కాదు. పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషి. పీఠం మొత్తం విప్పి, చక్రాలు కడిగి, ఎండబెట్టి, మళ్ళీ బిగించింది. ఏ చక్రంలోనూ లోపం లేదు. గాలేమో ఆకు కూడా కదిలించడం లేదు. అప్పుడామె వంటింట్లోంచి వెడల్పాటి పళ్ళెం ఒకటి తెచ్చి, అడుగుకు నల్లరంగు పూసి, నీళ్ళు పోసి ఎండలో పెట్టింది. చుట్టూ గాలి తగలకుండా అట్ట నిలబెట్టింది. నీళ్ళ మీద పడిన ఎండ ఎదురు గోడ మీద చిన్న వెలుగు ముక్కలా పడింది. నేల కదలకపోతే ఆ ముక్క కదలదు. నేల రవ్వంత అదిరితే నీళ్ళు సన్నగా ముడతలు పడతాయి, గోడ మీది వెలుగు చేపపిల్లలా కొట్టుకుంటుంది. కొట్టుకుంది కూడా. మేడ మీదే కాదు, కింద పెరట్లో మట్టి మీద పెట్టినా కొట్టుకుంది.

ఇంట్లో ఆమె పక్షాన ఉన్నది కోడలొక్కతే. మేనల్లుడి భార్య. డ్రైవింగు స్కూల్లో కార్లు నేర్పుతుంది. భయపడేవాళ్ళ పక్కన కూర్చుని బతకడం ఆమెకు అలవాటు.

"ఏదో ఉందత్తయ్యా," అంది వెలుగు ముక్కను చూసి. "బండి నిలబడి ఉన్నా ఇంజను ఆన్‌లో ఉన్నట్టుంది."

"వీధి చివర ప్రెస్సు! ఇంకేముంటుంది?" అంది అత్త. అనడమే కాదు, పళ్ళెం చంకన పెట్టుకుని బయల్దేరింది కూడా.

ప్రెస్సాయన కాగితాలు దులుపుతూ ఎదురొచ్చాడు. అత్త ఊపిరి తీసుకోకుండా కడిగేసింది. నీ యంత్రాల వల్ల నా సూర్యుడు చెదిరిపోతున్నాడంది, వీధంతా అదురుతోందంది. పనివాళ్ళు పని ఆపి వింటున్నారు. ఆయన చెప్పినదంతా విని, లోపలికి వెళ్ళి, యంత్రాలన్నీ ఆపించాడు. ప్రెస్సు నిశ్శబ్దమైపోయింది.

"ఇప్పుడు చూడండి."

అత్త గుమ్మం ముందు పళ్ళెం పెట్టింది. నీళ్ళు ఇంకా ముడతలు పడుతూనే ఉన్నాయి. గోడ మీద వెలుగు కొట్టుకుంటూనే ఉంది.

"మీ పళ్ళేనికి చలిజ్వరం వచ్చినట్టుంది," అన్నాడు ప్రెస్సాయన. పనివాళ్ళు గొల్లుమన్నారు. సాయంత్రానికల్లా గడియారాలత్త పేరు వీధిలో భూకంపం అత్త అయింది.

ఆ నవ్వుల మధ్య ఆమె తల వంచుకోలేదు. "నాదే తప్పు. తెలుసుకోకుండా మాటలన్నాను, మనసులో పెట్టుకోకు," అంది ప్రెస్సాయనతో. వెంటనే, "నీ దగ్గర వణుకు మా ఇంట్లోకంటే తక్కువగా ఉంది. అంటే అది ఇటునుంచి రావడం లేదు, అటునుంచి వస్తోంది," అని పళ్ళెం ఎత్తుకుని వెనక్కి తిరిగింది. క్షమాపణ చెప్పిన మనిషి ముఖంలా లేదు ఆ ముఖం.

ఆ తరవాత అత్తాకోడళ్ళు కలిసి ఇంటింటికీ తిరగడం మొదలుపెట్టారు. కోడలు చేతిలో నీళ్ళ చెంబు, అత్త చేతిలో పళ్ళెం, ఎండ పడని చోటికి ఒక టార్చి. పళ్ళెం వణుకుతున్నంతసేపే వాళ్ళ వెదుకులాట. వణుకు ఆగితే ఇంటిదారి పట్టేవాళ్ళు. మంగలి కొట్టు అరుగు మీద పెట్టారు, మందుల షాపు మెట్ల మీద పెట్టారు, బడి వరండాలో పెట్టారు. పళ్ళెం చూసి ఒకావిడ గుమ్మంలోంచే, "ఏమీ లేదు, పైకెళ్ళండి" అంది. కోడలికి నవ్వాగక చెంబులో నీళ్ళు సగం ఒలికాయి.

"నవ్వు, నవ్వు," అంది అత్త. "రేపు తేలాక నేనూ నవ్వుతా."

ఇంటి వెనక వీధిలోకి వెళ్ళేకొద్దీ వెలుగు ఎక్కువ కొట్టుకుంది. ఇంకొంచెం ముందుకెళితే ముక్కలు ముక్కలైంది. చివరికి వాళ్ళు నీళ్ళ ఆఫీసు గోడ దగ్గర తేలారు. లోపల ఊరికి నీళ్ళు తోడే మోటారు గది ఉంది. కొద్దికాలం కిందటే పాతది తీసి కొత్త మోటారు పెట్టారు. గోడకు చెయ్యి ఆనిస్తే అరచేతిలోకి జుమ్మని ఎక్కింది.

వాళ్ళు గేటు దగ్గర కాపలావాడికి సంగతి చెప్పి, వాడు లోపలికెళ్ళి చిన్న ఇంజనీరును పిలుచుకొచ్చేలోపల ఆ జుమ్ము ఆగిపోయింది. ఇంజనీరు అప్పుడే వచ్చాడు. వయసులో చిన్నవాడు, చొక్కా ఇస్త్రీ నలగనివాడు. అత్త మోటారు గది వరండాలో ఎండ పడేచోట పళ్ళెం పెట్టింది. నీళ్ళు అద్దంలా నిలిచాయి.

ఇంజనీరు వంగి చూశాడు. "ఏదమ్మా వణుకు?"

"మోటారు ఆపారు కదా. వేసి చూపించండి."

"ట్యాంకు నిండింది. మీకోసం మోటారు వేస్తే నీళ్ళు రోడ్డు మీద పారతాయి. ఎండలో తిరిగినట్టున్నారు, పెద్దవారు. ఇంటికెళ్ళి విశ్రాంతి తీసుకోండి." ఆయన కళ్ళు పళ్ళెం పక్కనున్న ఆమె వేళ్ళ మీద ఆగాయి. అత్త ఆ చూపును గుర్తుపట్టింది. అది ఆమె ఇంట్లో రోజూ చూస్తున్న చూపే.

"ట్యాంకు ఎప్పటికైనా ఖాళీ అవుతుందిగా?"

"అవుతుంది."

"అయితే కూర్చుంటా." అని వరండాలో పళ్ళెం పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

బతిమాలారు, కసురుకున్నారు, కాపలావాణ్ణి పిలిచారు. కాపలావాడు ఆమె తలకు పైన ఆఫీసు గోడ గడియారాన్ని చూసి, దాన్ని బాగుచేసింది ఈవిడేనని గుర్తొచ్చి, దూరంగా నిలబడ్డాడు. కోడలు వెళ్ళి కొట్టు మూయించి మొగుణ్ణి వెంటబెట్టుకొచ్చింది. వాడి ముఖం కందగడ్డలా ఉంది.

"ఏంటత్తా ఇది? పరువు తీస్తున్నావు. లే, ఇంటికెళ్దాం."

"నీ పరువు నా పళ్ళెంలో లేదు. ఇలా కూర్చో."

"నేను కూర్చోను."

"నిలబడే చూడు. కాళ్ళు నీవి."

వాడు నిలబడ్డాడు. కాసేపటికి కోడలు కూర్చుంది. ఇంకాసేపటికి వాడూ చతికిలపడ్డాడు. మోటారు నడిపే ఆయన గదిలోంచి రెండుసార్లు తొంగి చూశాడు. నడివయసు మనిషి, నూనె మరకల బట్టలు. రెండోసారి వచ్చినప్పుడు ముగ్గురికీ టీ ఇచ్చి, ఎవరికీ వినబడకుండా, "ఇంకెంతోసేపు పట్టదమ్మా, జనం వాడుతున్నారు," అన్నాడు.

వరండాలోంచి ఎండ జారిపోతోంది. అత్త పళ్ళేన్ని ఎండ వెంటే జరుపుతూ వచ్చింది. ఎండ పూర్తిగా పోతే ఏం చేయాలో ఆమెకు తెలియదు, టార్చి ఇంట్లో మరిచిపోయింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

లోపల మీట పడిన చప్పుడైంది. మోటారు ఒక్క గుటక వేసి అందుకుంది. పళ్ళెంలో నీళ్ళు చక్రాలు చక్రాలుగా ముడతలు పడ్డాయి. గోడ మీద నిలకడగా ఉన్న వెలుగు పగిలి, చిందరవందరై, కొట్టుకోసాగింది. పళ్ళేన్ని ఎవరూ ముట్టుకోలేదు. అత్త చేతులు రెండూ ఒళ్ళో ఉన్నాయి.

మేనల్లుడు వెలుగును చూశాడు, పళ్ళేన్ని చూశాడు, ఆమె చేతుల్ని చూశాడు.

"మోటారన్నాక అదరదా ఏంటి?" అన్నాడు ఇంజనీరు. ఎవరూ ఏమీ అనకముందే ఆయన స్వరం పెరిగింది. "ఇప్పుడేం చేయమంటారు? మీ టెలిస్కోపు కోసం ఊరికి నీళ్ళు ఆపేయాలా?"

"ఆపమని నేనన్నానా?" అత్త నిదానంగా లేచింది. "నాకు కావలసింది మీ మోటారు ఆగడం కాదు బాబూ. నేల అదురుతోందని చెబితే ముసలిదాని చెయ్యి వణుకుతోందన్నారు. అదురుతోందని మీ నోటితోనే అన్నారు. మావాడు విన్నాడు. నాకది చాలు."

ఆమె పళ్ళెం ఎత్తబోతుంటే మోటారాయన గుమ్మంలోకి వచ్చాడు. "చాలదమ్మా. ఉండండి. సారూ, కొత్త మోటారును సిమెంటు దిమ్మ మీద బిగించినప్పటినుంచీ ఓ మూల బోల్టు పట్టడం లేదని చెబుతూనే ఉన్నా. చెవిన పెట్టలేదు మీరు. ఇలాగే నడిపితే అది ఏనాడో విరుగుతుంది, అప్పుడు నిజంగానే ఊరికి నీళ్ళుండవు."

ఇంజనీరు ఆయన వైపు, అత్త వైపు, గేటు దగ్గర మూగిన జనం వైపు చూశాడు. "నేనూ అదే అనుకుంటున్నాను. దిమ్మ సంగతి పై వారం చూద్దామనే ఉన్నాను," అన్నాడు. జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. అన్నమాట ప్రకారం చూశాడు కూడా. దిమ్మ ఒక మూల పగిలి ఉందని తేలింది. పగలగొట్టి కొత్తగా పోశారు, బోల్టుల కింద మందపాటి రబ్బరు వేశారు.

సిమెంటు ఆరి మోటారు మళ్ళీ ఎక్కిన రోజున మేనల్లుడు తనంతట తనే అత్త వెనక మేడ ఎక్కాడు. కోడలూ వచ్చింది. అట్ట మీద బింబం పడింది. వృత్తంలో కూర్చుంది. అంచు కదల్లేదు, పక్కకు జరగలేదు. వెనక వీధిలో మోటారు నడుస్తున్న చప్పుడు లీలగా వినబడుతూనే ఉంది.

మేనల్లుడు జేబులోంచి భూతద్దం తీసి ఆమె ముందు పెట్టాడు. "తప్పయిపోయిందత్తా."

అత్త వెంటనే దాన్ని తీసుకోలేదు. ముందు పెన్సిలు తీసి మచ్చ గీయబోయింది. బింబం కదలడం లేదు. అట్ట కదలడం లేదు. పెన్సిలు మొన మాత్రం కాగితానికి ఆనేముందు సన్నగా అటూ ఇటూ ఊగింది. గీసిన గీత రంపం పళ్ళలా వచ్చింది. ఆమె ఇంకొకటి గీసింది. అదీ అలాగే వచ్చింది.

మేనల్లుడు ఆకాశం వైపు చూస్తున్నాడు, వాడు గమనించలేదు. కోడలు గమనించింది, కానీ నోరు విప్పలేదు. ఆ కాగితం మడిచి దాచేస్తే అయిపోయేది. గెలిచిన గెలుపు గెలిచినట్టే ఉండేది. అత్తకు ఆ ఆలోచన రాలేదని చెప్పలేం. ఆమె కాగితాన్ని దగ్గరికి లాక్కుంది. బల్ల దగ్గర గడిచిన బతుకంతా ఆ రెండు వంకర గీతల్లో కనబడింది.

"ఇటు చూడరా," అంది.

వాడు చూశాడు. అర్థమయ్యాక ముఖం మారింది. "అత్తా, పోనీలే..."

"ఆ 'లే' వద్దు. విను. నేల వణికింది, అది నిజం. నా చెయ్యి వణుకుతోంది, ఇదీ నిజం. ఆ స్ప్రింగు ఒంచింది నేనే అయ్యుంటాను. కానీ నా చెయ్యి వణుకుతోంది కాబట్టి నా మాట కూడా వణుకుతోందనుకున్నావు చూడు, అదిరా అబద్ధం. చేతిలోంచి భూతద్దం తీసుకో, నోట్లోంచి మాట తీసుకోకు."

వాడు ఆమె పక్కన కూర్చుని తల వంచుకున్నాడు. కోడలు ముక్కు చీదింది.

తరవాత అత్త ఒక్కతే డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఎవరినీ తోడు రానివ్వలేదు. ప్రాణానికి భయం లేదని, వయసుతో వచ్చే వణుకని, మెల్లమెల్లగా పెరుగుతుందని ఆయన చెప్పాడు. "పెరిగితే పెరగనీ. నేను తగ్గను," అని వచ్చేసింది. చేతి గడియారాలు పూర్తిగా మేనల్లుడికి వదిలేసింది. మణికట్టు ఆనించి పట్టీ బిగించుకునే ఒక చెక్క దిమ్మ తయారుచేసుకుంది. దాని సాయంతో గోడ గడియారాలు, బల్ల గడియారాలు తనే విప్పడం మొదలుపెట్టింది. సూర్యుడి మచ్చలు గీయడానికి కూడా అదే దిమ్మ. గీత పూర్తిగా నున్నగా రాదు. పంపించే కాగితం అడుగున మాత్రం 'గీత వంకర నాది, మచ్చ చోటు సరైనది' అని రాసి మరీ పంపేది.

ఒకరోజు కొట్టుకు కొత్తాయన ఒకరు పెద్ద గోడ గడియారం మోసుకొచ్చాడు. మేనల్లుడు చేతి పనిలో ఉన్నాడు. అత్త చేతులు చాపింది. ఆయన గడియారం ఇవ్వబోయి ఆగిపోయాడు.

"ఏమనుకోకండమ్మా, మీ చెయ్యి వణుకుతోంది."

మేనల్లుడు తలెత్తి నోరు తెరిచాడు. అత్త వాడికంటే ముందే అందుకుంది.

"అవును నాయనా, వణుకుతుంది. ఇంతకీ నువ్వు బాగుచేయించుకోవడానికి వచ్చింది ఏది? నా చెయ్యా, నీ గడియారమా?"

ఆయన తడబడి, "గడియారమే," అన్నాడు.

"అయితే ఇలా ఇచ్చి, ఆ స్టూలు మీద కూర్చో. ఎప్పుడు ఆగిపోయింది? ఆగే ముందు చప్పుడేమైనా చేసిందా?" అంటూ ఆమె దిమ్మ మీద మణికట్టు ఆనించి, పట్టీ బిగించుకుని, గడియారం వెనక మూత మొదటి స్క్రూ తిప్పింది.